వానలు పడకముందే ఆఫీసు ఇంటర్నెట్ ఫోన్లు సరిచూసుకోండి

విజయవాడలో మీ క్లినిక్కో, ట్రావెల్స్ ఆఫీసో ఇంటర్నెట్ ఫోన్ల మీద నడుస్తుంటే, జూన్ వానలకు ముందే వాటికోసం ఒక పూట కేటాయించండి. ఊళ్లోంచి ఫోన్ చేసిన పెద్దాయన "ఏంటమ్మా, వినపడట్లా" అంటూ పెట్టేస్తే ఆయనకు ఆ రోజు డాక్టరు దొరకనట్టే.

గొంతు తెగుతోందంటే చాలామంది ముందు ప్లాన్ స్పీడు పెంచుతారు. అది దండగ. మాటను డేటాగా మార్చే మామూలు జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కు ఒక్కోవైపు 90 కేబీపీఎస్ లోపే పడుతుంది. పది కాల్స్‌కు ఒక ఎంబీపీఎస్ సరిపోతుంది. మాటకు కావలసింది నిలకడ. మన మాట సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, సెకనుకు 50 చొప్పున వెళ్తుంది. ఆలస్యంగా వచ్చిన ముక్క ఇక పనికిరాదు. నోటి నుంచి అవతలి చెవికి చేరేసరికి 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోవాలి. బాగా దాటిందంటే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడిపోతుంటారు.

ఈ పరీక్ష తప్పకుండా చేయండి. లాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, బయటి సర్వర్‌కు పింగ్ పెట్టి వదిలేయండి. చిన్న సందేశం అక్కడికి వెళ్లి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అది చూపిస్తుంది. ఇంకో కంప్యూటర్ నుంచి పెద్ద స్కానింగ్ ఫైల్ అప్‌లోడ్ చేయించండి. 10, 12 దగ్గరున్న అంకె 200, 300కి ఎగబాకిందా, తప్పు బయటి లైనుది కాదు, మీ అప్‌లోడ్‌దే. సీసీ కెమెరాల క్లౌడ్ బ్యాకప్ చేసే పని కూడా ఇదే. రౌటర్‌లో ఏ డేటా ముందు వెళ్లాలో తేల్చే క్యూఓఎస్ ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని అసలు స్పీడులో 85, 90 శాతానికి కట్టేసి, ఫోన్లకు మొదటి వరుస ఇవ్వండి. అంకె మళ్లీ కిందికి దిగాలి. దిగేదాకా వదలొద్దు.

ఒకవైపు మాటే వినపడుతుంటే రౌటర్‌లో ఇంటర్నెట్ కాల్స్ సమాచారాన్ని మధ్యలో మార్చే సిప్ ఏఎల్‌జీ సెట్టింగ్ ఆపి చూడండి. రిసెప్షన్ ఫోన్‌ను వైఫై మీద పెట్టకండి.

ఇక కరెంటు. యూపీఎస్‌ను కంప్యూటర్‌కు పెట్టి, ఫైబర్ డబ్బానూ ఫోన్లకు కరెంటిచ్చే స్విచ్‌నూ మామూలు ప్లగ్గుకు వదిలేస్తుంటారు. ఈ రెండూ, రౌటరూ, మూడూ యూపీఎస్ మీదే ఉండాలి. నేల మీద అసలు ఉంచొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచిన తీరు చూశాక కూడా రౌటర్‌ను బల్ల కింద పెట్టడం నాకైతే మింగుడుపడదు.

రెండో లైను తీసుకుంటే అది ఏ స్తంభం మీదుగా వస్తుందో బయటికెళ్లి చూడండి. రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభానికి వేలాడుతుంటే కొమ్మ విరిగి పడ్డప్పుడు రెండూ పోతాయి. అంతకంటే 4జీ సిమ్ వేసిన రౌటర్ నయం. దాని మీద ఓపస్ లాంటి తక్కువ డేటా కోడెక్ పెట్టించుకోండి.

అన్నీ పోయినా కాల్ మొబైల్‌కు మళ్లేలా ఫార్వర్డింగ్‌ను ఫోన్ సర్వీసు ఇచ్చే ప్రొవైడర్ వైపునే పెట్టించాలి. ఫోన్‌లో పెట్టింది ఫోన్ ఆగగానే పనిచేయకపోవచ్చు. కేబుల్ పీకేసి, బయటి నుంచి కాల్ చేసి చూసుకోండి. 108కి మాత్రం మొబైల్ నుంచే చేయమని సిబ్బందికి చెప్పండి. ప్రొవైడర్ నంబరు, మీ ఖాతా నంబరు కాగితం మీద రాసి రిసెప్షన్ గోడకు అంటించండి.