దసరా సెలవుల ముందు లినక్స్ కెర్నల్ షెడ్యూలర్ ప్యాచ్ మెర్జ్ చేస్తున్నారా? ఈ జాగ్రత్తలు చూడండి

మొన్న మాదాపూర్‌లో ఒక టీమ్ టెస్ట్ సర్వర్ బిగుసుకుపోయింది. లాగ్‌లో ఒకటే గోల: ఫలానా టాస్క్ 120 సెకన్లకు పైగా బ్లాక్ అయి ఉందని. ప్రాసెస్‌ను బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కొట్టినా చావలేదు. తీరా చూస్తే లినక్స్ డ్రైవర్ థ్రెడ్‌లో రెండు లైన్లు తారుమారు. సద్దుల బతుకమ్మకు సగం టీమ్ ఊళ్లకు పోయాక ఇలాంటిది బయటపడితే చూసేవాళ్లుండరు. లాక్ తీసుకుంటే వదలాలి లాంటి పాఠాలు ఇక్కడ అక్కర్లేదు.

కొంపలు ముంచేది ఒక్కటే: నిద్రపోబోయే టాస్క్ ముందు కండిషన్ (ఎదురుచూస్తున్న పని అయిందా లేదా) చూసి, తర్వాత తన స్టేట్ (రన్నింగా, నిద్రా) మార్చడం. టాస్క్ నడుస్తున్న సీపీయూ 0 ఆ కండిషన్ ఫ్లాగ్ చూసింది, సున్నా. ఆ సందులోనే సీపీయూ 1 ఫ్లాగ్‌ను ఒకటి చేసి, టాస్క్‌ను లేపే వేక్_అప్_ప్రాసెస్ పిలిచింది. టాస్క్ ఇంకా రన్నింగ్‌లోనే ఉంది, లేపడానికేముంది? తిరిగి వెళ్లిపోయింది. ఇప్పుడు సీపీయూ 0 తీరిగ్గా స్టేట్‌ను అన్‌ఇంటరప్టిబుల్ (సిగ్నల్ కొట్టినా లేవని నిద్ర) చేసి, సీపీయూను వదిలేసే షెడ్యూల్ పిలిచింది. ఇక లేపే నాథుడు లేడు.

సరైన వరుస ఇది: ముందు స్టేట్ మార్చే సెట్_కరెంట్_స్టేట్. తర్వాత కండిషన్. నెరవేరకపోతేనే షెడ్యూల్. ఇదంతా లూప్‌లో ఉండాలి. బయటికొచ్చాక స్టేట్ మళ్లీ రన్నింగ్. లేపేవాడి వైపు ముందు ఫ్లాగ్, ఆ తర్వాతే వేకప్. ఈ వరుసంతా తనే చేసే వెయిట్_ఈవెంట్ సరిపోయే చోట ఇదంతా చేత్తో రాయకండి.

సెట్_కరెంట్_స్టేట్‌లో పేరు ముందు రెండు అండర్‌స్కోర్లున్న రకంలో మెమరీ బ్యారియర్ (రీడ్, రైట్‌ల వరుస మారకుండా ఆపేది) ఉండదు. రన్నింగ్‌కు తిరిగొచ్చేటప్పుడు చాలు, నిద్రకు ముందు వాడొద్దు. "మాది ఎక్స్86 ప్రాసెసర్ కదా, వరుస మారదు" అనొద్దు. వెనకున్న రీడ్ ముందున్న రైట్‌ను దాటిపోవడం ఎక్స్86లోనూ ఉంది, ఇక్కడ దెబ్బకొట్టేది సరిగ్గా అదే.

పాత ప్యాచ్‌లు తెచ్చేవాళ్లు: కెర్నల్ 5.14లో టాస్క్ స్టేట్ ఫీల్డ్ పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు చేరాయి. అండర్‌స్కోర్లు తగిలించి కంపైల్ చేయించుకుంటే బాగుపడినట్టు కాదు.

ఇంకా: అటామిక్_రీడ్, వెనకే అటామిక్_సెట్ అంటే రెండూ కలిపి అటామిక్ (విడదీయరాని ఒకే పని) కాదు, మధ్యలో ఇంకొకడు రాసేస్తాడు, పోల్చి మార్చడం ఒకే దెబ్బలో చేసే కంపేర్ ఎక్స్‌ఛేంజ్ వాడండి. పక్కపక్క బిట్‌ఫీల్డ్‌లను (కొన్ని బిట్లే పట్టే ఫీల్డ్‌లను) వేర్వేరు లాకుల కింద రాయొద్దు, ఒకే వర్డ్, ఒకడి రాత ఇంకొకడు చెరిపేస్తాడు. స్టేట్ మార్చాక, షెడ్యూల్‌కు ముందు మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపోయే లాక్) తీసుకోవద్దు: అది నిద్రపోయి లేస్తే స్టేట్ రన్నింగ్ అయిపోతుంది, మీ లూప్ ఊరికే తిరుగుతుంది. స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఆగే లాక్) కింద నిద్రపోయే అలొకేషన్ వద్దు. రన్‌క్యూ లాక్ (షెడ్యూలర్ టాస్క్‌ల వరుసను కాపాడేది) కింద కెర్నల్ లాగ్ రాసే మామూలు ప్రింట్‌కే వద్దు, తర్వాత రాసే డిఫర్డ్ రకం వాడండి. ఇలాంటి తప్పులు పట్టే కెర్నల్ చెక్‌లు డీబగ్ అటామిక్ స్లీప్, లాక్‌డెప్, కేసీశాన్ ఆన్ చేయకుండా మెర్జ్ వద్దు. చివరిగా ప్యాచ్‌లో షెడ్యూల్ అన్న ప్రతి చోటా వేలుపెట్టి చూడండి: స్టేట్ ముందా, కండిషన్ ముందా? కండిషన్ ముందుంటే వెనక్కి పంపండి.