హార్మోన్ మందుల చీటీ రోగికి ఎలా రాసివ్వాలి?

కావలసినవి తెల్ల కాగితాలు, నల్ల పెన్ను, డాక్టరు రాసిన డిశ్చార్జి చీటీ. మందుకో కాగితం. అచ్చేసిన కరపత్రాలు ఇవ్వకండి. తన పేరు, తన డోసు చేత్తో రాసి ఉంటేనే రోగి దాన్ని దాచుకుంటాడు. తెలుగులో రాయండి. ఆదోని, రాయదుర్గం వైపు నుంచి వచ్చేవాళ్లలో కన్నడమో ఉర్దూనో చదివేవాళ్లు ఉంటారు, ముందు అడగండి.

థైరాయిడ్ మాత్రకు "ఖాళీ కడుపుతో" అని రాస్తే సరిపోదు, టీ తాగి వేసుకుంటారు. "లేవగానే నీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట దాకా టీ గానీ ఉగ్గాని గానీ వద్దు. ఐరన్, క్యాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి" అని రాయండి. ఒక్కపొద్దు ఉన్న రోజు కూడా మాత్ర మానొద్దని చెప్పండి. 12.5 మైక్రోగ్రాముల మాత్ర ఉంది, 125దీ ఉంది. చుక్క కనపడకపోతే డోసు పదింతలవుతుంది కాబట్టి "పన్నెండున్నర" అని అక్షరాల్లోనే రాయాలి.

ఇన్సులిన్ వయలు (మందు సీసా) మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 ఉంటే నారింజ మూతది. ఇది పెద్ద అక్షరాల్లో ఉండాలి.

అసలు కష్టం ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రల దగ్గర. కీళ్ల నొప్పులు తగ్గాయనో, ముఖం ఉబ్బిందనో జనం వాటిని సొంతంగా మానేస్తారు. ఉత్త "మానొద్దు" అన్న మాట వాళ్లను ఆపదు, కారణం కూడా రాయాలి. మూడు వారాలు దాటి వాడితే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ (ఒంట్లో సహజంగా ఉండే స్టెరాయిడ్ హార్మోన్) తయారుచేయడం తగ్గించేస్తాయి. మాత్ర ఒక్కసారిగా ఆపితే అవి వెంటనే అందుకోలేవు. వాంతులు, విపరీతమైన నీరసం వస్తాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి రావచ్చు.

డోసు తగ్గించే పద్ధతి డాక్టరుదే, మీరు ఒక్క అంకె కూడా ఊహించి రాయకూడదు. ఆయన చెప్పినదాన్ని తేదీలతో రాయండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని మాత్రలు. "వారం తర్వాత తగ్గించాలి" అని రాస్తే ఏ వారమో ఇంటికెళ్లాక ఎవరికీ గుర్తుండదు. మిల్లీగ్రాములూ, మాత్రల లెక్కా రెండూ ఉండాల్సిందే. ఊళ్లో మెడికల్ షాపువాళ్లు 10 బదులు 5 మిల్లీగ్రాములది ఇస్తే, "రోజుకొకటి" అని రాసినచోట సగం డోసే పడుతుంది.

కాగితం పైన "నేను స్టెరాయిడ్ వాడుతున్నాను" అని రాయండి. జ్వరం వచ్చినా, ఆపరేషన్ అయినా డోసు పెంచాల్సి రావచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితమే చూపించాలి. వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోతే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలని కూడా రాయండి.

చివరగా "అర్థమైందా?" అని అడగకండి, అందరూ తలూపుతారు. "జ్వరమొచ్చి వాంతి అయితే ఏం చేస్తావమ్మా?" అని అడిగి, జవాబు వాళ్ల నోట వినండి. ఇంట్లో మాత్రలిచ్చేది కోడలైతే ఆమెనే పిలిచి చెప్పించుకోండి. కాగితాన్ని ఆమె ఫోన్‌లో ఫోటో తీయించాకే సంచి చేతికివ్వండి.