లెక్కల టీచర్లకు స్టాటిస్టిక్స్ పరిచయం చేయాలా? ఫార్ములాలు కాసేపు పక్కన పెట్టండి

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో లెక్కల టీచర్లకు స్టాటిస్టిక్స్ మీద గంటో గంటన్నరో క్లాసు తీసుకోమని మీకు చెప్పారనుకోండి. మామూలుగా జరిగేదేంటంటే పదో తరగతి సాంఖ్యక శాస్త్రం అధ్యాయం తెరిచి సోపాన విచలన పద్ధతి, బాహుళకం సూత్రం, ఓజివ్ వక్రాలు అన్నీ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొస్తారు. అవన్నీ వాళ్ళు ఏటా చెప్పే పాఠాలే, మీకంటే వేగంగా చేసేస్తారు, అందుకే పది నిమిషాలకల్లా ఫోన్లు బయటికొస్తాయి. వాళ్ళకి చూపించాల్సింది వేరే ఉంది. లెక్కల్లో 30 అంటే 30, అంతే. స్టాటిస్టిక్స్‌లో ఆ 30 ఎక్కణ్ణుంచి వచ్చిందో, దాన్ని ఎందుకు అడిగారో తెలిస్తే తప్ప దాంతో ఏం చేయాలో తేలదు. ఇది ఉపన్యాసంతో ఎక్కదు, వాళ్ళ మధ్య వాదన పెట్టాలి.

బోర్డు మీద ఏడు సంఖ్యలు రాయండి: 4, 5, 5, 6, 6, 7, 30. ఇంకేం చెప్పకండి. సగటు ఎంత? మొత్తం 63, సగటు 9. మధ్యగతం, అంటే వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న సంఖ్య, 6. ఇక్కడిదాకా గణితమే, ఎవరికీ పేచీ లేదు. ఇప్పుడు "ఆ 30ని ఉంచుదామా, తీసేద్దామా?" అని అడిగి ఊరుకోండి. ఉంచాలని కొందరు, తీసేయాలని కొందరు అంటుండగా ఎవరో ఒకరు "అసలివి దేనికి సంబంధించినవి సార్?" అంటారు. ఆ ప్రశ్న వాళ్ళ నోటి నుంచే రావాలి, కాస్త ఆలస్యమైనా సరే, మీరు తొందరపడి చెప్పేయొద్దు.

అడిగాక చెప్పండి. ఇవి ఏడుగురు పిల్లల ఇళ్ళల్లో ఉండే మనుషుల సంఖ్య అనుకుంటే, 30 బహుశా 3 పక్కన పొరపాటున సున్నా పడింది. అయినా మనమే 3 అని దిద్దేయకూడదు, ఆ పిల్లాణ్ణి పిలిచి అడగాలి. అలా కాకుండా ఇవి బడికి నడిచి రావడానికి పట్టే నిమిషాలైతే, 30 తప్పేం కాదు, దూరంగా ఉన్న తండా నుంచి వచ్చే పిల్ల అది. "మన పిల్లలు సగటున 9 నిమిషాలు నడుస్తారు" అనడం లెక్క ప్రకారం కరెక్టే, కానీ ఏడుగురిలో ఆరుగురు అంతకంటే తక్కువలోనే వచ్చేస్తున్నారు, కాబట్టి మామూలు పిల్లల సంగతి చెప్పాలంటే 6 నయం. ఇంకో మెలిక పెట్టండి: అవే నిమిషాలు, కానీ ఇప్పుడు రవాణా భత్యం ఎవరికివ్వాలో తేల్చాలి. అప్పుడు సగటూ అక్కర్లేదు, మధ్యగతమూ అక్కర్లేదు, ఇందాక తీసేద్దామన్న ఆ 30 ఒక్కటే కావాలి.

ఇక్కడ ఒకాయన తప్పకుండా లేస్తారు, "ఎంత చెప్పినా స్టాటిస్టిక్స్ గణితంలో భాగమే కదా" అని. దానిమీద ఎక్కువసేపు వాదించకండి. గణితం లేకుండా అది నడవదు, నిజమే. పేరున్న స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేశాకే కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. పనిముట్లు గణితానివే, చేసే పని వేరు అని చెప్పి ముందుకెళ్ళిపోండి.

రెండో పనికి చింతపిక్కలు కావాలి. సంచిలో 200 పిక్కలు పోసి, వాటిలో 60 పిక్కలకి సున్నం బొట్టు పెట్టి ఆరనివ్వండి. ఎన్నిటికి పెట్టారో మాత్రం చెప్పొద్దు. ఒక్కొక్కరు చూడకుండా పది తీసి, బొట్టువి ఎన్నో లెక్కపెట్టి, పిక్కలు మళ్ళీ సంచిలో వేసేయాలి. ఒకరికి 2 వస్తాయి, ఒకరికి 5, ఒకరికి 1. 200లో 60 అంటే పదికి మూడు, కానీ సరిగ్గా మూడు వచ్చేది సుమారు నలుగురిలో ఒకరికే. అందరి జవాబులూ బోర్డు మీద చుక్కలుగా పెట్టించి "ఎవరు తప్పు చేశారు?" అనండి. ఎవరూ చేయలేదు! తేడాలు సహజం, వాటిని అర్థం చేసుకోవడమే స్టాటిస్టిక్స్ పని. తర్వాత నలుగురేసి గుంపుగా 40 పిక్కలు తీయించి శాతాలు రాయించండి, చుక్కలు దగ్గరికొస్తాయి. కానీ పిక్కలు నాలుగు రెట్లు పెంచినా చుక్కలు అటూ ఇటూ చెదరడం తగ్గేది దాదాపు సగమే, ఇది లెక్కల వాళ్ళకి భలే నచ్చుతుంది. సంభావ్యత పాఠంలో సంచిలో ఏముందో ముందే తెలుసు, చేతిలోకి ఏమొస్తుందో అడుగుతాం. ఇక్కడ చేతిలో ఉన్నది చూసి సంచిలో ఏముందో ఊహిస్తున్నాం, ఎంత తేడా ఉండొచ్చో కూడా చెప్తున్నాం.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా, దాన్నీ వాడుకోండి. గిన్నె అంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి అది చెల్లుతుంది. మధ్యాహ్న భోజనం ఎలా ఉందని లైన్లో నిలబడ్డ పిల్లల్నే అడిగితే, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకునే వాళ్ళ మాట మనకి చేరదు. ఎంతమందిని అడిగినా ఆ లోటు పోదు.

అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ బడి పిల్లల కోసం తెచ్చిన గైస్ (GAISE) నివేదిక ఈ పనిని నాలుగు అంచెలుగా చెప్తుంది: ప్రశ్న వేయడం, దత్తాంశం (డేటా) సేకరించడం, విశ్లేషించడం, అర్థం చెప్పడం. మన పరీక్షల్లో ఎక్కువగా అడిగేది మూడోదే, మొదటి రెండూ ఎవరో ముందే చేసేసి పట్టిక మన చేతికిస్తారు. ఒక్క పాఠంలోనైనా పట్టిక పిల్లలతోనే తయారు చేయించమనండి. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు పని ఉంటే అందులో పెట్టేయొచ్చు.

చివర్లో టీచర్ల అసలు టెన్షన్ బయటికొస్తుంది: జవాబు ఒకటే కాకపోతే మార్కులు ఎలా వేయాలి? ఒక ప్రశ్న రాసి చూపించండి. "ఏడుగురు పిల్లలు బడికి నడిచే నిమిషాలు ఇవి. హెడ్మాస్టరు సగటు 9 అని రిపోర్టులో రాశారు. మీరు ఒప్పుకుంటారా? ఎందుకు?" నాలుగు మార్కులనుకుంటే లెక్కకి ఒకటి, ఏదో ఒక వైపు తేల్చి చెప్పినందుకు ఒకటి, నడకకీ పిల్లలకీ ముడిపెట్టిన కారణానికి రెండు. మధ్యగతమే నయమన్న వాళ్ళకీ, తండా పిల్ల నడక కూడా లెక్కలోకి రావాలి కాబట్టి సగటే ఉండాలన్న వాళ్ళకీ పూర్తి మార్కులే. "సూత్రం ప్రకారం వచ్చింది కాబట్టి" అని మాత్రమే రాసిన వాళ్ళకి ఆ చివరి రెండూ వేయకండి.