స్ట్రోక్ తర్వాత మళ్లీ కారు నడపొచ్చా: ఎడమవైపు ధ్యాసను పరీక్షించే తీరు

చెయ్యీ కాలూ బాగానే ఆడుతున్నాయి కదా అని తాళాలు ఇచ్చేయకండి. మెదడు కుడి భాగంలో స్ట్రోక్ వచ్చిన కొందరికి ఎడమవైపు ఏముందో ధ్యాసే ఉండదు. దీన్ని నెగ్లెక్ట్ అంటారు. కంచంలో ఎడమ సగం తినకుండా వదిలేస్తారు, ఎడమ భుజం గుమ్మానికి తగిలించుకుంటారు. ఈ సంగతులు ఇంట్లోవాళ్లనే అడగాలి. రోగిని అడిగితే అంతా బాగుందనే చెబుతారు.

ముందు కంటి డాక్టరు చేత దృష్టి క్షేత్రం, అంటే చూపు ఒకచోట నిలిపినప్పుడు చుట్టూ ఎంతమేర కనిపిస్తుందో, చూపించాలి. చూపే తగ్గినవాళ్లు చాలావరకు అది తెలుసుకుని తల తిప్పుతారు. నెగ్లెక్ట్ ఉన్నవాళ్లకు తిప్పాలనే తోచదు. కొందరికి రెండూ ఉంటాయి.

తర్వాత ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ చాపి, ఒక్కో వేలు కదపండి. విడివిడిగా రెండువైపులా గుర్తిస్తారు. రెండూ ఒకేసారి కదిపినప్పుడు రోగి తన కుడివైపుదే చెబితే జాగ్రత్త పడాలి. కూడలిలో జరిగేది సరిగ్గా ఇదే: కుడినుంచి బస్సు వస్తుంటే ఎడమనున్న సైకిలు లేనట్టే అయిపోతుంది.

కాగితం మీద ఉన్న నక్షత్రాల్లో చిన్నవాటిని వెతికి గీతతో కొట్టేసే పరీక్షలో 54 చిన్న నక్షత్రాలకు 51 లేదా అంతకన్నా తక్కువ కొడితే నెగ్లెక్ట్ ఉన్నట్టు లెక్క. కాగితం ఛాతీకి నేరుగా ఉండాలి, పక్కకు జరపనివ్వకూడదు, 'ఎడమవైపు చూశారా' అని అందించకూడదు. ఎక్కడ మొదలుపెట్టారో రాసుకోండి. కుడి అంచునుంచి మొదలుపెడితే, మార్కులు బాగున్నా అనుమానించాల్సిందే.

ఇందులో నెగ్గినా రోడ్డు మీద నెగ్గినట్టు కాదు. నిశ్శబ్దపు గదిలో ఒకే పని, కావలసినంత సమయం. అక్కడ లోపాన్ని కప్పిపుచ్చుకోగలరు. అందుకే రెండు పనులు ఒకేసారి పెట్టాలి. వందనుంచి ఏడేసి తగ్గిస్తూ వరండాలో నడవమని, రెండు గోడల మీదా అంటించిన బొమ్మల పేర్లు చెప్పమనండి. ఎడమ గోడ బొమ్మలు తప్పిపోతే రోడ్డు పరీక్ష వాయిదా వేయాలి.

రోడ్డు పరీక్ష సొంత కారులో, ఇంట్లోవాళ్లతో చేయొద్దు. రెండోవైపు కూడా బ్రేకు ఉన్న శిక్షణ కారు, ముందు సీట్లో శిక్షకుడు, వెనక ఆక్యుపేషనల్ థెరపిస్టు (జబ్బు తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తీర్చిదిద్దే నిపుణులు) ఉండాలి. అలసటతో లోపం బయటపడుతుంది కాబట్టి పదినిమిషాల చక్కర్లు చాలవు, గంటసేపైనా నడిపించాలి. చివర్లో దారి చెప్పకుండా, బోర్డులు చూసి వెళ్లమనాలి. ఎడమ అద్దం చూస్తున్నారా, ఆగి ఉన్న వాహనాలకు ఎంత దూరంలో పోతున్నారు, ఎడమకు తిరిగేటప్పుడు పాదచారుల కోసం ఆగారా అని గమనించాలి. ప్రమాదం తప్పించడానికి శిక్షకుడు ఒక్కసారి బ్రేకు తొక్కాల్సి వచ్చినా తప్పినట్టే.

తప్పినవాళ్లు ఒప్పుకోరు, వాదిస్తారు. అది మొండితనం కాదు, తన లోపం తనకు తెలియకపోవడం జబ్బులో భాగం. కారులో కెమెరా పెట్టి, ఆ వీడియో చూపిస్తూ మాట్లాడటం మేలు.