ఆఫీసులో కొత్త పద్ధతి వస్తోందా? సిబ్బందిని ముందే సిద్ధం చేయడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఆఫీసులకు మార్పు కొత్తేమీ కాదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. ఉత్తర్వు ఒక్క పూటలో వచ్చేస్తుంది, మనుషులు కుదురుకోవడానికే టైమ్ పడుతుంది. కాగితం ఫైళ్ల నుంచి, ఫైళ్లను కంప్యూటర్లోనే నడిపే ఈ-ఆఫీస్‌కు మారుతున్న ఒక సెక్షన్‌ను తీసుకుని, దాని సూపరింటెండెంట్ ఏం చేయాలో చూద్దాం.

1. ట్రైనింగ్ కంటే ముందు మాట్లాడండి. మీటింగులో "డౌట్లేమైనా ఉన్నాయా?" అంటే ఎవరూ నోరు విప్పరు. ఒక్కొక్కరి సీటు దగ్గరికి వెళ్లి అడగండి. చాలామంది టెన్షన్ కంప్యూటర్ గురించి కాదని తెలుస్తుంది. "రేపు ఆడిట్‌లో అబ్జెక్షన్ వస్తే మెమో నాకేనా సార్?" అన్నదే అసలు భయం. దీనికి జవాబు చెప్పకుండా ఎన్ని స్లైడ్లు చూపించినా దండగే. ఫైలు ఎవరి దగ్గరికి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు కదిలిందో సిస్టమ్‌లో నమోదవుతుంది. పని చేసినవాళ్లకు అదే రక్షణ. ఆలస్యం కూడా అలాగే బయటపడుతుందని దాచకుండా చెప్పండి.

2. ఐదు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోండి. మార్పుకు ఉద్యోగుల సంసిద్ధతపై పరిశోధన చేసిన ఆర్మెనాకిస్ బృందం చెప్పిన ప్రశ్నలివి: మార్పు అవసరమా? ఇదే సరైన మార్పా? నేను చేయగలనా? పైవాళ్లు అండగా నిలబడతారా? నాకేం ఒరుగుతుంది? మన దగ్గర నాలుగోదే చిక్కు. "ఈ సారుకి ట్రాన్స్‌ఫర్ అయితే మళ్లీ మామూలే" అని ఎదురుచూసేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. అర్జెంటు పేరుతో అధికారి ఒక్క కాగితం ఫైలు మీద సంతకం పెట్టినా వాళ్ల మాటే నిజమవుతుంది. కాబట్టి ముందు అధికారిని ఒప్పించుకోండి.

3. సొంత కాగితంతో నేర్పండి. డమ్మీ ఫైలుకు బదులు, ఎవరి సెలవు దరఖాస్తును వాళ్లచేతే స్కాన్ చేయించి, డైరీ నంబరు వేయించి, ఫైలుకు చేర్చి పైకి పంపించండి. చిత్తుప్రతి లాంటి ఎల్లో నోట్‌లో రాసింది దిద్దుకోవచ్చు, గ్రీన్ నోట్‌గా ఖరారయ్యాక మార్చలేం. ఈ తేడా చేతికి అలవాటయ్యేదాకా వదలకండి. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసే సీనియర్లకు యూనికోడ్ కీబోర్డు అలవాటు కావడానికి అదనంగా టైమ్ ఇవ్వండి.

4. జంటలు కట్టండి. రూల్ తెలిసిన సీనియర్ పక్కన కీబోర్డు తెలిసిన జూనియర్. అయితే సీనియర్ లాగిన్‌లో జూనియర్ పని చేయడం మాత్రం మొదటి రోజే ఆపండి.

5. పాత రిజిస్టరు మూసే తేదీ ప్రకటించండి. రెండూ రాస్తూ పోతే రెండూ సగమే అవుతాయి. మార్చిలో మాత్రం పెట్టుకోకండి, బిల్లుల హడావిడిలో ఎవరూ తలెత్తి చూడరు.

తేదీకి వారం ముందు పరీక్షించండి. "బాబూ, నా కాయితం ఏటయింది?" అని అర్జీదారు అడిగితే, గుమస్తా సీట్లోంచి లేవకుండా స్క్రీన్ చూసి చెప్పగలగాలి. బీరువా వైపు నడిచాడంటే తేదీ ఇంకో రెండు వారాలు జరపండి.