చైన్ తీసి బెల్ట్ వేయిస్తున్నారా? స్టాండ్ మీద టెన్షన్ పెట్టనివ్వకండి

పోయిన నెల ఈగలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగుతున్న ఒక 350 సీసీ బండికి బెల్ట్ తెగిపోయింది. చైన్ తీసేసి బెల్ట్ వేయించిన బండి, పైగా డబుల్స్. బెల్ట్ తెగిన క్షణం నుంచి ఇంజన్ బ్రేకింగ్ లేదు. మలుపులో బండి ఆగక పిట్టగోడకు కొట్టుకుంది. ఇద్దరూ బతికారు, నడిపిన అబ్బాయికి కాలర్ బోన్ విరిగింది. తర్వాత ఆ బండిని విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. బెల్ట్ అడ్డంగా, కత్తితో కోసినట్టు తెగి ఉంది. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్‌ను పట్టుకుని ఊపితే బేరింగ్ ఆడుతోంది. నాసిరకం బెల్ట్ వేశారని చుట్టూ ఉన్నవాళ్లు అన్నారు. బెల్ట్ మంచిదే. టెన్షన్ పెట్టిన, అంటే బెల్ట్ బిగించిన, పద్ధతే తప్పు.

కార్తీకం దగ్గర పడుతోంది. ఘాట్ రోడ్ల మీదికి వెళ్లే ముందు బండికి కొత్త పనులు చేయించే కాలం ఇది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. బెల్ట్ వల్ల లాభాలేమిటో, శబ్దం ఎంత తగ్గుతుందో మీకు తెలిసే ఉంటుంది, వాటి జోలికి పోను. హార్లీ బండ్లలో 1980ల నుంచి బెల్ట్ ఉంది. మన దగ్గర ఏథర్ 450లోనూ, రివోల్ట్ ఆర్‌వి400లోనూ బెల్టే తిరుగుతోంది. అయితే ఆ బండ్లను బెల్ట్‌ను దృష్టిలో పెట్టుకునే తయారు చేశారు. మీ బండిని తయారు చేసింది చైన్ కోసం. తేడా అంతా అక్కడే ఉంది.

జనాన్ని ముంచుతున్న తప్పు

బండిని సెంటర్ స్టాండ్ మీద పెడతారు. వెనక చక్రం కిందికి వేలాడుతుంది. బెల్ట్ బిగించి, వేలితో నొక్కి చూసి "కరెక్ట్‌గా ఉంది" అంటారు. ఏళ్ల తరబడి చైన్లు బిగించిన చేతికి అదే అలవాటు.

అసలు జరిగేది ఇది. వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చట్రమే స్వింగ్ ఆర్మ్. చక్రం పైకీ కిందికీ కదిలేది ఆ స్వింగ్ ఆర్మ్ పిన్ను చుట్టూ. ముందు పుల్లీ (బెల్ట్‌ను తిప్పే పళ్ల చక్రం) ఆ పిన్ను మీద ఉండదు, దానికి కొంచెం ముందు ఉంటుంది. కాబట్టి చక్రం కదిలిన కొద్దీ రెండు పుల్లీల మధ్య దూరం మారుతూ ఉంటుంది. ముందు పుల్లీ సెంటరు, స్వింగ్ ఆర్మ్ పిన్ను, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు ఆ దూరం అన్నిటికంటే ఎక్కువ. స్టాండ్ మీద చక్రం వేలాడుతున్నప్పుడు అంతకంటే తక్కువ.

లెక్క వేసి చూడండి. పుల్లీకీ పిన్నుకీ మధ్య 80 మిల్లీమీటర్లు, స్వింగ్ ఆర్మ్ పొడవు 500 మిల్లీమీటర్లు అనుకుందాం. చక్రం ఆ గీతకు 15 డిగ్రీలు కిందికి వేలాడితే, పుల్లీల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లకు పైగా తగ్గుతుంది. మీరు బెల్ట్ బిగించింది అక్కడ. తర్వాత మీరూ, వెనక ఇంకొకరూ ఎక్కి కూర్చుని గతుకులో పడ్డారంటే ఆ రెండు మిల్లీమీటర్లు ఎక్కడినుంచో రావాలి. చైన్‌కు 25–30 మిల్లీమీటర్ల ఊగు వదులుతాం కాబట్టి అది సర్దుకుంటుంది. బెల్ట్ లోపల ఉండేది అరామిడ్ లేదా కార్బన్ తీగలు, అవి సాగవు. ఆ బలం అంతా గేర్‌బాక్స్ బేరింగ్ మీద, వెనక హబ్ బేరింగ్ మీద పడుతుంది. ప్రతి గతుకులోనూ పడుతుంది.

ఇంకో దారిలోనూ ఇదే గోతిలో పడుతున్నారు. బెల్ట్ వదులుగా ఉండి, గేర్ తగ్గించినప్పుడు ఒక పన్ను దాటి టక్కుమంటుంది. భయపడి వెంటనే స్టాండ్ వేసి ఇంకాస్త బిగిస్తారు. ఆ బిగింపే కొంప ముంచుతుంది.

సరైన పద్ధతి ఇది. ఫ్రేమ్ కింద గట్టి ఆధారం పెట్టండి. వెనక షాకబ్జర్లు రెండూ విప్పించండి. మోనోషాక్ (వెనక ఒకే షాకబ్జర్) అయితే దాన్ని విడదీయించండి. చక్రం కింద చిన్న జాకీ పెట్టి మెల్లగా లేపుతూ ఆ మూడు సెంటర్లనూ ఒకే గీత మీదికి తేవాలి. దారం లాగి పట్టుకుని చూస్తే చాలు. టెన్షన్ పెట్టాల్సింది అక్కడ, అక్కడ మాత్రమే. చేతి అంచనా వద్దు, గేజ్ వాడండి. హార్లీ బండ్లకైతే బెల్ట్ మధ్యలో 10 పౌండ్ల బలంతో, అంటే సుమారు నాలుగున్నర కిలోలతో నొక్కి, ఎంత వంగిందో కొలుస్తారు. మీ కిట్‌కు ఎంత వంగాలో తయారీదారు చెప్పిన అంకె తీసుకోండి. అంకె చెప్పలేనివాడి కిట్ కొనకండి.

తర్వాత షాకబ్జర్లు బిగించి, బండిని స్టాండ్ మీద పెట్టి మళ్లీ కొలవండి. ఇప్పుడు బెల్ట్ కాస్త వదులుగా కనిపిస్తుంది. అలాగే ఉండాలి. ఆ అంకె రాసి పెట్టుకోండి, ఇకనుంచి రోజువారీ చెకింగ్‌కు అదే కొలమానం. స్టాండ్ మీద పళ్లు దాటేంత వదులైపోతే మాత్రం ఆ బండి బెల్ట్‌కు పనికిరాదని అర్థం. హిమాలయన్ 411 లాంటి, వెనక సస్పెన్షన్ 180 మిల్లీమీటర్లు కదిలే బండ్లకు ఈ పని పెట్టుకోవద్దు.

కొనేటప్పుడు

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పుల్లీ చేయించుకుని, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఫ్యాక్టరీ మెషిన్ల టైమింగ్ బెల్ట్ తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. రెండిటి పిచ్, అంటే పన్నుకూ పన్నుకూ మధ్య దూరం, ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. పన్ను ఆకారం కూడా కలవాలి. 14 మిల్లీమీటర్ల పిచ్‌లోనే గుండ్రటి పళ్ల హెచ్‌టీడీ రకం వేరు, జీటీ రకం వేరు. కలవని పళ్లు మొదట బాగానే తిరుగుతాయి, తర్వాత పన్ను మొదట్లో పగులు మొదలవుతుంది.

ముందు పుల్లీ సైజు దగ్గర రాజీ పడకండి. 14 మిల్లీమీటర్ల పిచ్‌లో 24 పళ్ల పుల్లీకి సుమారు 107 మిల్లీమీటర్ల వ్యాసం వస్తుంది. స్ప్రాకెట్ కవర్‌లో పట్టడం లేదని షాపువాళ్లు పళ్లు తగ్గించేస్తారు. చిన్న పుల్లీ చుట్టూ బెల్ట్ ఎక్కువగా వంగి లోపలి తీగలు విరుగుతాయి, పుల్లీని పట్టుకునే పళ్లూ తగ్గుతాయి. కవర్ మార్చండి కానీ పుల్లీని కుదించకండి.

బెల్ట్ వెడల్పు కూడా ఇంజన్ టార్క్ (తిప్పే బలం) ఒక్కటే చూసి ఎంచుకునేది కాదు. క్లాసిక్ 350కి ఇంజన్ దగ్గర 27 న్యూటన్ మీటర్లే అయినా, ఫస్ట్ గేర్‌లో ముందు పుల్లీ దగ్గరికి వచ్చేసరికి అది కొన్ని రెట్లవుతుంది. బెల్ట్ లాగాల్సింది ఆ బలాన్ని.

పాత బుల్లెట్లలో వెనక స్ప్రాకెట్, బ్రేక్ డ్రమ్ము ఒకే ముక్క. ఆ పళ్లు కోసేసి పుల్లీ బిగిస్తామంటే ఒప్పుకోకండి. మీ బ్రేక్‌ను కోస్తున్నారు వాళ్లు.

ఇక మిగిలినవి

రెండు పుల్లీల ఎలైన్‌మెంట్ (ఒకే వరసలో ఉండటం) పావు డిగ్రీకి మించి తప్పకూడదు. 600 మిల్లీమీటర్ల దూరంలో అది రెండున్నర మిల్లీమీటర్లు. స్వింగ్ ఆర్మ్ మీది గీతల్ని నమ్మకండి, వంకర లేని పట్టీ పెట్టి చూడండి.

బెల్ట్‌ను మడవకండి. మెలి తిప్పకండి. తలకిందులుగా వంచకండి. తీగ ఒకసారి విరిగితే పైకి కనిపించదు.

బెల్ట్‌కు జాయింట్ ఉండదు, స్వింగ్ ఆర్మ్ విప్పే ఎక్కించాలి. స్క్రూడ్రైవర్‌తో పుల్లీ మీదికి తోస్తుంటే ఆ షాపు నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

వాడిన బెల్ట్ కొనకండి.

చైన్ లూబ్ అవశేషం మొత్తం తుడిపించండి. బెల్ట్‌కు ఏ నూనే పూయకండి.

వెనక హబ్‌లో కుష్ రబ్బర్లు (కుదుపు మింగే రబ్బరు ముక్కలు) తీసేయనివ్వకండి. తీసేస్తే క్లచ్ వదిలినప్పటి కుదుపు నేరుగా బెల్ట్ పళ్ల మీద పడుతుంది.

కింది వరసకు గార్డు తప్పనిసరి. ఒక్క కంకరరాయి చాలు బెల్ట్‌కు బొక్క పడటానికి.

స్వింగ్ ఆర్మ్ గానీ ఫ్రేమ్ గానీ కోస్తే బండిలో మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీ మెడకు చుట్టుకుంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకుండా రోడ్డెక్కకండి.

మొదటి వంద కిలోమీటర్లు ఊళ్లోనే, ఒంటరిగా నడపండి. తర్వాత బెల్ట్ పూర్తిగా చల్లారాక టెన్షన్ కొలవండి. వెయ్యి దగ్గర మళ్లీ కొలవండి.

వేరేచోట టైర్ పంక్చర్ వేయించి చక్రం తిరిగి బిగించారా? టెన్షన్ మళ్లీ కొలవండి, మీరు రాసుకున్న అంకెతో. "పాతదాని మీదే బిగించానన్నా" అంటే వినకండి.

వేగం పెరిగిన కొద్దీ ఈల వేసినట్టు కూత వస్తే బెల్ట్ బిగుతుగా ఉంది. వదులు చేయండి.

ముందు పుల్లీ వెనక ఆయిల్ సీల్ కారుతుంటే సీల్ మార్చి ఊరుకోకండి. బేరింగ్ చూపించండి.

షాకబ్జర్లు విప్పకుండా టెన్షన్ పెట్టేవాడికి, ఎంత పేరున్న మెకానిక్ అయినా, బండి ఇవ్వకండి. ఇప్పటికే అలా పెట్టించుకుని ఉంటే ఆ బండి మీద ఘాట్ ఎక్కకండి, వెనక ఎవర్నీ ఎక్కించుకోకండి. ఈ వారమే షాకబ్జర్లు విప్పించి మళ్లీ పెట్టించండి.