టర్బో మొరాయిస్తున్న పికప్‌ను ఇచ్చి కొత్తది తీసుకునే ముందు

సాలూరు ఘాట్‌లో కూరగాయల లోడుతో ఎక్కుతుండగా నా పికప్ లాగలేక, నల్లటి పొగ కక్కుతూ ఆగిపోయినప్పుడు, చూసినవారందరూ ‘టర్బో పోయింది, బండి మార్చేయండి’ అన్నారు. టర్బో అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం. విజయనగరంలో మెకానిక్ విప్పి చూస్తే, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర చీలిందే తప్ప టర్బోకు ఏమీ కాలేదు. గొట్టం మార్చాక మరో ఏడాది నడిచింది; ఆ తరువాత నిజంగానే టర్బో పోయింది, అప్పుడే బండి మార్చాను. అందుకే షోరూమ్‌కు వెళ్లేలోపు జబ్బేమిటో తేల్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

నల్లపొగ వస్తే ఇంజనుకు చాలినంత గాలి అందడం లేదని, నీలిపొగతో పాటు ఆయిల్ తగ్గుతుంటే ఆయిల్ మండుతోందని అనుమానించాలి. ఇంజను పూర్తిగా చల్లారాక ఎయిర్ ఫిల్టర్ వైపు గొట్టం ఊడదీసి, టర్బో ఇరుసును వేళ్లతో కదిపి చూడమనండి. పక్కలకు కొద్దిగా కదిలితే ఫరవాలేదు. ముందుకూ వెనక్కూ ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా టర్బో పని అయిపోయినట్లే. మరమ్మతు అంచనాను కాగితం మీద రాయించుకోండి. అది ఈ లోపం వల్ల ఎక్స్ఛేంజ్‌లో పాత బండి ధరలో తగ్గించే మొత్తం కంటే తక్కువైతే ముందుగా బాగుచేయించడమే మేలు. ఇంజను కూడా బలహీనపడి ఉంటే, లోపాన్ని దాచకుండా చెప్పి ఉన్నదున్నట్లుగా ఇవ్వడమే న్యాయం.

ధర మాట్లాడేటప్పుడు, పాత బండి ప్రస్తావన లేకుండా ముందు కొత్తదాని ఆన్‌రోడ్ ధరను రాతపూర్వకంగా తీసుకోండి. పాతదాని విలువ, ఎక్స్ఛేంజ్ బోనస్ విడివిడిగా చూపమనాలి, ఎందుకంటే అన్నీ కలిపి ఒక్క అంకె చెబితే ఎక్కడ నష్టపోయామో మనకు తెలియదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త సరకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినందున, పాత బండ్లకు అంతకుముందు పలికిన ధరను ఆశించకూడదు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఒకరిద్దరు సెకండ్‌హ్యాండ్ వ్యాపారులను కూడా అడగడం మంచిది.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది కాగితాల విషయంలోనే. అప్పు తీరి ఉంటే ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తీసుకొని ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద అప్పు ఉందన్న నమోదు) తీయించాలి. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 కావాలి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి రాకండి. రవాణా శాఖ అనుమతి ఉన్న పాత వాహనాల డీలరుకు బండి అప్పగిస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ఫారం 29సి ద్వారా ఆ విషయాన్ని ఆన్‌లైన్‌లో తెలియజేయించి, రసీదు దగ్గర ఉంచుకోవాలి. బండి చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారకపోతే, ప్రమాద పరిహారానికి పాత యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు వారు కొని అక్కడికి తీసుకువెళ్తే ఫారం 28 ఎన్‌ఓసీ కూడా అవసరం.

బీమాలోని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండిది కాదు, యజమానిది. ఆ ధ్రువపత్రం తీసుకొని కొత్త పికప్ పాలసీలో తగ్గింపు అడగండి. పాత బండి ఫాస్టాగ్‌ను తాళం చేతులు ఇచ్చిన రోజే మూయించండి.